టీచరమ్మ డాబా మీది కరెంటు

ఫ్లోరెన్స్ టీచరమ్మ మిట్టమధ్యాహ్నం ఎర్రటి ఎండలో డాబా ఎక్కి, ఏరికోరి పెట్టించుకున్న సోలార్ పలకల మీద నీలం రంగు టార్పాలిన్ పట్టా కప్పేసిందన్న సంగతి తునికిగూడెమంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. పలకలు పగిలాయేమోనని కొందరు, టీచరమ్మకు వడదెబ్బ తగిలి మతి చలించిందేమోనని ఇంకొందరు గేటు దగ్గరకు వచ్చారు. ఆమె మాత్రం పట్టా నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, తాపీగా మెట్లు దిగింది.

భర్త సుకుమార్ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మిషన్ దవాఖానాలో కంపౌండర్‌గా చేసి రిటైరైన మనిషి. గట్టిగా మాట్లాడటం చేతకాదు.

"ఆపాలనుకుంటే కింద స్విచ్ ఆపితే అయిపోయేది గదా ఫ్లోరా. ఈ ఎండల డాబా ఎక్కుడెందుకు?" అన్నాడు.

"స్విచ్ ఆపితే ఎవరికి కనబడుతది?" అంది ఆమె.

గేటు దగ్గరి జనానికి వినబడేలాగే అంది. అసలు ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. ముప్పై ఏళ్లకు పైగా మిషన్ స్కూల్లో డ్రిల్లు టీచర్‌గా చేసింది. గ్రౌండుకు ఆ చివర ఎవరైనా వరుస తప్పితే ఈ చివర నుంచి పేరు పెట్టి పిలిచేది. మైకు అక్కర్లేదు.

ఆమె పుట్టింది బొగ్గు బాయిల పక్కన, ఒక కార్మికుల బస్తీలో. తండ్రి అంతోనయ్య బాయిలో ఫిల్లర్. టబ్బులకు బొగ్గెత్తే పని, ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. పైన లెక్క రాసే గుమస్తా ఎప్పుడైనా "టబ్బు నిండలేదు" అని కోత పెడితే అంతోనయ్య ఆ రోజు ఇంటికి వేళకు వచ్చేవాడు కాదు. గుమస్తాను వెంటబెట్టుకుని వెళ్లి, ఆ టబ్బు ముందు నిలబెట్టి, కళ్లతో చూడమనేవాడు. ఇంట్లో అన్నం చల్లారిపోయేది. తల్లి ఇన్నమ్మ విసుక్కునేది: "ఒక్క టబ్బు కోసం గింత లొల్లి అవసరమా?"

"టబ్బు సంగతి గాదే. బొగ్గు నేనెత్తిన. ఎంతెత్తిన్నో గంత రాయాలె" అనేవాడు ఆయన.

ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు సర్దుకుపోవడం ఎక్కడినుంచి వస్తుంది? స్కూల్లో ఆడపిల్లల ఖోఖో జట్టును తయారుచేసి జిల్లా పోటీలకు తీసుకెళ్లినప్పుడు, రెఫరీ తప్పుగా అవుట్ ఇచ్చాడని జట్టు మొత్తాన్ని కోర్టు మధ్యలో కూర్చోబెట్టింది. నిర్వాహకులు బతిమాలారు, బెదిరించారు. చివరికి రెఫరీ తప్పు ఒప్పుకున్నాడు. ఆట మళ్లీ మొదలై, పిల్లలు శుభ్రంగా ఓడిపోయారు. తిరిగొచ్చే బస్సులో వాళ్లు ఏడుస్తుంటే, "ఓడితే ఓడినం. ఆడి ఓడినం. ఇగ ఏడుపు బందు చెయ్యుండ్రి" అని అందరికీ గోలీసోడాలు ఇప్పించింది.

రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ పర్ణశాల వెళ్లే దారిలో ఉన్న తునికిగూడెంలో ఇల్లు కట్టుకున్నారు. ఒక్కతే కూతురు, కొత్తగూడెంలో నర్సు. ఇంటి ముందు రోడ్డు మీద యాత్రికుల ఆటోలు పోతుంటాయి. ఇంటి వెనక చేలు, చేల వెనక అడవి. కరెంటు లైను ఆ వీధితోనే ఆఖరు. ఆ తర్వాత స్తంభాలు లేవు.

సోలార్ ఆలోచన ఆమెదే. ఎండలకు పేరుపడ్డ ప్రాంతం, డాబా మీద కాలు పెడితే బొబ్బలెక్కుతాయి, ఆ ఎండను ఊరికే ఎందుకు పోనివ్వాలనుకుంది. సబ్సిడీ వస్తుందన్నారు. భద్రాచలం నుంచి సోలార్ కంపెనీ మనుషులొచ్చి పలకలు బిగించి, కరెంటు పోనూ రానూ రెండూ చూపించే కొత్త మీటరు పెట్టించారు. పగలు ఇంట్లో వాడుకోగా మిగిలింది లైనులోకి పోతుంది, రాత్రి కావలసింది లైను నుంచి వస్తుంది, ఇచ్చిన దాంట్లోంచి తీసుకున్నది కొట్టేస్తారు అని చెప్పారు. అంతవరకూ బాగానే అర్థమైంది.

మొదట్లో ఆమె సంబరం చూడాలి. పొద్దున్నే డాబా ఎక్కి పలకలు కడిగేది. వచ్చినవాళ్లందరినీ మీటరు దగ్గరకు తీసుకెళ్లి, "చూడుండ్రి, మా ఇంట్ల కరెంటు పండుతున్నది" అనేది. ఒకరోజు ఊళ్లో కరెంటు పోయినప్పుడు, నెత్తిన అంత ఎండ ఉండగా తన ఇంట్లోనూ ఫ్యాను ఆగిపోయేసరికి సోలార్ కంపెనీవాళ్లకు ఫోన్ చేసి చెడామడా తిట్టింది. లైను మీద మనిషి పనిచేస్తుంటే ఇంటి మీది కరెంటు వెనక్కి పాకి అతనికి కొట్టకూడదు గనక అది దానంతటదే ఆగుతుందని చెప్పారు. ఆ లైను మీద పనిచేసే మనిషి రాంబాబు. ఒకప్పుడు ఆమె దగ్గర పరుగు పందేలు నేర్చుకున్నవాడు. ఆ మాట విన్నాక ఆమె ఫ్యాను ఆగినా ఇంకేం అనలేదు.

గొడవ వచ్చింది ఆరు నెలల లెక్క దగ్గర. ఇద్దరే మనుషులు, పగలంతా వాడకం తక్కువ. రాత్రి వాడకానికి కొట్టేయగా ఇంకా బోలెడు యూనిట్లు మిగిలాయి. ఆ మిగులుకు కరెంటు కంపెనీ తన ధర తాను కట్టి ఇంత అని చూపించింది. ఆ కాగితం చూసి టీచరమ్మ తప్పు పడిందేమో అనుకుంది. సుకుమార్ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, తప్పేం లేదు, వాళ్ల ధరే అంత అన్నాడు.

నాలుగిళ్ల అవతల భారతమ్మ కిరాణా కొట్టు ఉంది. యాత్రికుల కోసం కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు పెట్టే రెండు ఫ్రిజ్‌లు అక్కడ పొద్దస్తమానం నడుస్తాయి. టీచరమ్మ నేరుగా కొట్టుకెళ్లి భారతమ్మ కరెంటు బిల్లు అడిగి చూసింది. దుకాణం బిల్లు గనక ధర ఇంకా ఎక్కువ. తనకు కట్టిన ధర అందులో సగం కూడా లేదు.

మర్నాడే బస్సెక్కి కరెంటు కంపెనీ సెక్షన్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి ఇంజనీరు జయప్రకాశ్ యువకుడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, మంచినీళ్లిప్పించాడు.

"సారూ, మా డాబా మీది కెల్లి బయటికి పోయే కరెంటు ఏడికి పోతది?" అని అడిగింది ఆమె.

"దగ్గర్లో ఎవరు వాడుతుంటే వాళ్లకే పోతది మేడం."

"అంటే మా భారతమ్మ ఫ్రిజ్‌కు."

"అవ్, అట్లనే అనుకోవచ్చు."

"అయితే నా దగ్గర సగం ధరకు తీసుకొని, నాలుగిళ్ల అవతల నిండు ధరకు అమ్ముతున్నరు. నడుమ మీరు చేసిందేంది?"

జయప్రకాశ్ నొచ్చుకోలేదు. ఓపిగ్గా చెప్పాడు. స్తంభాలు ఎవరివి, తీగలు ఎవరివి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మార్చేదెవరు? సూర్యుడు కుంగాక ఆమె ఇంట్లో వెలిగే లైటుకు కరెంటు ఎక్కడో బొగ్గు మండించి తేవాల్సిందే కదా? "పగలు మిగిలింది మా లైన్ల దాచిపెట్టుకొని రాత్రి తీసుకుంటున్నరు మేడం. మా లైను మీకు గోదాం లెక్క. దానికి ఖర్చుండదా?"

ఆ మాటలో న్యాయం ఉందని ఆమెకు అనిపించింది. అనిపించినందుకే ఇంకా కోపం వచ్చింది.

"గోదాముకు కిరాయి ఎంతో చెప్పుండ్రి, కడత. కిరాయి అని చెప్పి ధాన్యమే గుంజుకుంటే ఎట్ల?"

"రూలు నా చేతుల లేదు మేడం," అన్నాడతను. తర్వాత కొంచెం తటపటాయించి, చెప్పకపోతే బాగుండదన్నట్టు అసలు సంగతి చెప్పాడు. కరెంటు ధరలు ఖరారు చేసే కమిషన్ వచ్చే నెల ఖమ్మంలో బహిరంగ విచారణ పెడుతోంది. అక్కడ కంపెనీ ఇంకో ప్రతిపాదన పెట్టబోతోంది. ఇక మీదట యూనిట్‌కు యూనిట్ కొట్టేయడం కూడా ఉండదు. డాబా మీంచి వచ్చే ప్రతి యూనిట్‌కూ తక్కువ ధరే, లైను నుంచి తీసుకునే ప్రతి యూనిట్‌కూ పూర్తి ధర.

ఫ్లోరెన్స్ టీచరమ్మ లేచి నిలబడింది.

"అయితే నేను ఇయ్య."

"ఏమియ్యరు మేడం?"

"కరెంటు."

ఆ మధ్యాహ్నమే పట్టా కప్పింది.

ఇందులో తనకే నష్టమని ఆమెకు తెలియకపోలేదు. సుకుమార్ మెల్లగా గుర్తుచేశాడు కూడా: "మనం వాడుకునేది గూడ ఇగ కొనుక్కోవాలె గదా." ఆమె పట్టించుకోలేదు. విచారణకు ఖమ్మం వెళ్లి తేల్చుకుంటానని అడిగినవాళ్లందరికీ చెప్పింది. ఫ్యాను కింద కూర్చోవడం మానేసి, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ వరండాలో కూర్చుంది. సుకుమార్‌కు మాత్రం ఫ్యాను వేసింది. ఆయనకు ఆయాసం.

రోజులు గడిచేకొద్దీ ఎండ ముదిరింది. వీధిలో మధ్యాహ్నం వేళ ఫ్యాన్లు ఈడ్చుకుంటూ తిరగసాగాయి. మిక్సీలు మూలిగి ఆగేవి. ఒకరోజు భారతమ్మ కరిగిపోయిన ఐస్‌క్రీముల డబ్బా చంకన పెట్టుకుని వచ్చి, టీచరమ్మ వాకిట్లో ధబ్బున పడేసింది.

"చూడు టీచరమ్మా! ఫ్రిజ్ గుర్రుమంటది, సల్లబడది. కంపెనీ మీద కోపం నా దుకాణం మీద తీస్తవా?"

"నేనేం చేసిన?"

"నీ పలకలు కప్పిన కాడికెల్లే గిట్లయింది. వీధి వీధంతా అంటున్నది."

రాంబాబు అప్పుడే స్తంభం దిగి వస్తున్నాడు. ఇద్దరూ అతన్ని పట్టుకున్నారు. అతను తల గోక్కుని, "మీ పలకలొక్కటే కారణం అని అనలేను టీచర్. ఎండలకు అందరూ కూలర్లు పెట్టిండ్రు, లోడు పెరిగింది. కానీ లైను ఆఖర్ల ఉన్న వీధి గదా, మీ కరెంటు వచ్చినప్పుడు కొద్దిగ నిలబడేది. అది అబద్ధం గాదు" అన్నాడు.

టీచరమ్మకు లోపల ఎక్కడో గర్వం కలిగింది. "విన్నవా భారతమ్మా! ఇన్నాళ్లు నీ ఫ్రిజ్ ఎవరి కరెంటుతోని నడిచిందో గిప్పుడు ఎరుకైందా? ఆ కరెంటుకు నువ్వు కట్టిన పైసల నాకు సగం రాలే."

"అది వాళ్లనడుగు. నేను నిండుగనే కట్టిన గదా!" అంది భారతమ్మ. ఆమె కళ్లలో నీళ్లు చూసి టీచరమ్మ గొంతు మొదటిసారి తగ్గింది.

అప్పుడే ముత్తక్క మాట్లాడింది. ఆమె గుమ్మం పక్కన అరుగు మీద కూర్చుని ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ముత్తక్క కోయ మనిషి. వీధి చివర రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. చింతపండు, ఇప్పపువ్వు తెచ్చి అమ్ముతుంది. ఆ రోజూ చింతపండు ఇవ్వడానికే వచ్చింది.

"టీచరమ్మా, ఒకటడుగుత. నువ్వు ఖమ్మం పోయి కొట్లాడి గెలిస్తివే అనుకో. నీకు పైసలు ఎక్కువిస్తరు. ఆ పైసలు కంపెనోడు తన ఇంట్ల కెల్లి తెస్తడా?"

"తేడు..."

"మరి యాడికెల్లి తెస్తడు? నా బిల్లు మీద ఎయ్యడా? నా రేకుల మీద నీ పలకలు నిలబడయ్. ఇల్లు గూడ నా పేర లేదు, సబ్సిడీ ఎవరిస్తరు? నీ డాబాకు నేనెందుకు కట్టాలె?"

తిట్టినట్టు అనలేదు. చింతపండు ధర అడిగినంత మామూలుగా అడిగింది. తన తట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

ఫ్లోరెన్స్ టీచరమ్మకు ఆ పూట అన్నం సహించలేదు. తాను న్యాయం అడుగుతున్నాననుకుంది. ఆ న్యాయానికి బిల్లు ముత్తక్క ఇంటికి వెళ్లొచ్చునన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. "ఏమండీ, ఆమె అన్నదాంట్ల తప్పేముంది?" అని సుకుమార్‌ను అడిగింది. "తప్పేం లేదు," అన్నాడాయన. "కానీ నీ మాట గూడ తప్పు గాదు. రెండూ కలిపి అడగొచ్చు గదా."

మర్నాడు పొద్దున ఆమె డాబా ఎక్కి పట్టా తీసేసింది. పలకల మీది దుమ్ము కడిగింది. కింద నుంచి ఎవరో, "ఏంది టీచరమ్మా, భయపడ్డవా?" అని నవ్వారు.

"భయమా? కొట్లాట కంపెనీతోని. మీ ఫ్యాన్లతోని గాదు!" అని డాబా మీంచే అరిచింది. తర్వాత దిగి వచ్చి భారతమ్మ కొట్టుకెళ్లి, కరిగిన ఐస్‌క్రీములకు పైసలు ఇవ్వబోయింది. భారతమ్మ తీసుకోలేదు. "ఖమ్మం నేనూ వస్త" అంది.

ఖమ్మంలో విచారణ ఒక పెద్ద హాల్లో జరిగింది. పెద్ద బల్ల వెనక కమిషన్ సభ్యులు, ఒక పక్క కంపెనీ అధికారులు, ఎదురుగా జనం. తిరుమలాయపాలెం రైతులు మోటార్లు కాలిపోతున్నాయని చెప్పారు. ఎర్రుపాలెం నుంచి వచ్చిన ఒకాయన కూలిన స్తంభం గురించి చెబుతూ ఆ కోపంలో చెప్పులు విడిచి బల్ల దాకా వెళ్లాడు. వకీళ్లు ఇంగ్లిషులో మాట్లాడారు. టీచరమ్మ పేరు పిలిచేసరికి భోజనాల వేళ దాటింది. హాలు సగం ఖాళీ అయింది, మిగిలినవాళ్లు కునుకుపాట్లు పడుతున్నారు.

ఆమె రాసుకున్న కాగితం తీసింది గానీ, నాలుగు ముక్కలు చదివేసరికి అది తన మాటలా అనిపించలేదు. మడిచి సంచిలో పెట్టేసింది. డాబా సంగతి, భారతమ్మ ఫ్రిజ్ సంగతి, సగం ధర సంగతి మామూలుగా చెప్పుకుపోయింది. మధ్యలో కంపెనీ అధికారి ఒకాయన లేచాడు.

"మేడం, ఒక విషయం ఆలోచించండి. సోలార్ పెట్టుకునేవాళ్లు కాస్త ఉన్నవాళ్లు. మీకు ఎక్కువ ధర ఇస్తే ఆ భారం పాపం ఒక్క బల్బు వాడుకునే పేదవాళ్ల మీద పడుతుంది. అది న్యాయమా?"

హాల్లో కొందరు తలలూపారు. అచ్చం ముత్తక్క ప్రశ్నే. కానీ ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఈ మనిషి నోట వినేసరికి టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఇదే మాట మా ముత్తక్క అడిగితే తల దించుకున్న సారూ. మీరు అడిగితే దించను."

"టైమైపోయింది మేడం" అన్నారెవరో. మైకు ఆగిపోయింది.

ఆగితే ఏం? గ్రౌండు మీద గొంతు తీసినట్టే తీసింది. కునుకుపాట్లు పడేవాళ్లంతా ఉలిక్కిపడి లేచారు.

"నా కాడ సగం ధరకు కొని భారతమ్మకు నిండు ధరకు అమ్మిండ్రు. నడుమ మిగిలింది ముత్తక్క బిల్లుల తగ్గించిండ్రా? తగ్గించినట్టు చూపెట్టుండ్రి, నేను గిప్పుడే కూసుంట. చూపెట్టలేరు. పేదోళ్ల పేరు చెప్పి నా కాడ కోస్తరు. పేదోళ్ల కాడికి పోయి నా పేరు చెప్తరు. మమ్మల్నే ఒకర్నొకరు తన్నుకోమంటరు. మీ స్తంభానికి, మీ తీగకు కిరాయి వేరే రాయుండ్రి, నేను కడత. నేను ఎగ్గొట్టే మనిషిని గాదు. కానీ ఎండపూట మా వీధిల పుట్టి మా వీధిలనే ఖర్చయిన కరెంటు మీరు దూరం కెల్లి తెచ్చింది గాదు. దాని విలువ దానికి కట్టుండ్రి. నాకు ఎక్కువైతదంటరా? సరే, నాకియ్యకుండ్రి! మిగిలిన యూనిట్లు మా ముత్తక్క మీటరు మీద రాయుండ్రి. గది గూడ చేతగాదంటే, పేదోళ్ల మాట ఇంకోసారి మీ నోట రావద్దు."

హాలు వెనక నుంచి రైతులు చప్పట్లు కొట్టారు. భారతమ్మ బెంచీ మీద నిలబడింది. అధ్యక్షస్థానంలో ఉన్నాయన చెయ్యెత్తి, "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నామమ్మా" అన్నాడు.

"రాసుకుంటే సాలదు సారూ. ఇన్నరా?"

ఆయన కళ్లజోడు తీసి ఆమె వంక చూశాడు. "విన్నాను" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కేముందు భారతమ్మకు గోలీసోడా ఇప్పించింది.

ఆర్డరు వానాకాలం మధ్యలో వచ్చింది. యూనిట్‌కు యూనిట్ కొట్టేయడం మానేస్తామన్న కంపెనీ ప్రతిపాదనను ఆ ఏడాదికి ఒప్పుకోలేదు. మిగులు యూనిట్లకు ధర పెంచడం కుదరదన్నారు. ఇంకొకరి మీటరు మీద రాయడం గురించి పరిశీలిస్తామన్నారు. జయప్రకాశ్ స్వయంగా ఇంటికి వచ్చి చెప్పాడు. అతని ముఖంలో కొంచెం సంతోషం కూడా ఉంది.

"ఉన్నది పోకుండ ఆపినవ్ గదా ఫ్లోరా," అన్నాడు సుకుమార్.

"ఆగింది. రావాల్సింది రాలే," అంది ఆమె. జయప్రకాశ్‌కు టీ ఇచ్చింది. అతను గ్లాసు కింద పెట్టకముందే, "పరిశీలన ఎన్నడు అయిపోతది సారూ?" అని అడిగింది.

ఆ తర్వాత ఆమె పరిశీలనకు ఊపిరాడనివ్వలేదు. ఆఫీసు నుంచి ఎవరు ఆ దారిన వెళ్లినా గేటు దగ్గర ఆపి అడిగేది. చుట్టుపక్కల ఊళ్లలో డాబాల మీద పలకలున్న ఇళ్లకు, కలిసి అడుగుదాం రమ్మంటూ ఆటోలో తిరిగింది. చాలామంది తలుపు తీసి, విని, మనకెందుకమ్మా అన్నారు. కొందరు, మా మిగులు ఊరికే ఇంకొకరికి ఎందుకివ్వాలి అన్నారు. "గిప్పుడు కంపెనీకి ఊరికే ఇస్తలేవా?" అని వాళ్లతోనూ గొడవపడింది. పదిమందిలో ఇద్దరో ముగ్గురో కలిసొచ్చారు. అందరికంటే ఆలస్యంగా ముత్తక్క దగ్గరకు వెళ్లింది, ఎందుకంటే అక్కడికి వెళ్లడమే ఆమెకు కష్టం.

ముత్తక్క ఇప్పపువ్వు ఆరబోస్తోంది. పని ఆపకుండానే అంతా విన్నది.

"నాకు దానం జేస్తనంటవా?"

"దానం గాదు. నువ్వడిగినదానికి నా కాడ వేరే జవాబు లేదు."

ముత్తక్క ఆరబోసిన పువ్వును చేత్తో అటూ ఇటూ తిప్పింది. "నా పేరు మీద కొట్లాట అయితే నేనే వస్త. నువ్వు చెప్తే ఆళ్లు నిన్ను చూస్తరు. నన్ను చూడరు" అంది.

మరుసటి ఏడు విచారణకు వ్యాను నిండా వెళ్లారు. మాట్లాడేవాళ్లలో ముత్తక్క పేరు ముందు రాయించారు. ఆమె మైకు ముందు నిలబడి మొదట తన భాషలోనే రెండు మాటలంది. బల్ల వెనకవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరైనా తెలుగులో చెప్పగలరా అని అడిగారు. ఫ్లోరెన్స్ టీచరమ్మ అలవాటుగా సగం లేచింది.

"నువ్వాగు టీచరమ్మా," అంది ముత్తక్క వెనక్కి చూడకుండానే. "తెలుగు నాకొచ్చు. మా మాట గూడ ఒకసారి మీ చెవుల పడాలని అన్న."

తర్వాత తెలుగులో చెప్పింది. తన ఇంటి మీద పలకలు లేవు, పెట్టుకునే దారి లేదు. తన పేరు చెప్పి టీచరమ్మకు ఎగ్గొట్టిన పైసలు తనకైనా రాలేదు. "నా పేరు వాడుకుంటున్నరు గదా. దానికి కిరాయి కట్టుండ్రి" అంది. టీచరమ్మ బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నోరు తెరవకుండా అంతసేపు కూర్చోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి అని సుకుమార్ ఇప్పటికీ నవ్వుతాడు.

ఈసారి ఆర్డరులో ఒక మెట్టు కదిలింది. మిగులు యూనిట్లను అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇంకో ఇంటికి రాయించుకోవచ్చని అందులో ఉంది. ధర మాత్రం పాతదే. స్తంభాల కిరాయి వేరే రాయమని టీచరమ్మ అన్న మాటకు జవాబే లేదు.

ముత్తక్క బిల్లులో ఆ యూనిట్లు మొదటిసారి పడ్డ రోజు రాంబాబు దాన్ని చదివి వినిపించాడు. వీధిలో చాలామంది చూడటానికి వచ్చారు. ముత్తక్క కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, తిప్పి, మళ్లీ రాంబాబుకే ఇచ్చింది.

"గింతేనా?" అంది.

"గింతే," అన్నాడు రాంబాబు.

ముత్తక్క టీచరమ్మ వైపు తిరిగింది. "మళ్ల ఖమ్మం ఎప్పుడు పోవాలె?"